బిందె మోసిన చేతులకే తెలుసు చెట్టు విలువ

పొద్దున లేవగానే మీరు చేసే మొదటి పని ఏమిటి? వాకిలి ఊడ్చి కళ్ళాపి చల్లడమా? పాలు పొయ్యి మీద పెట్టడమా? ఏదైనా సరే, అంతకంటే ముందు మన చెయ్యి వెళ్ళేది నల్లా మీదికే. తిప్పుతాం, నీళ్ళొస్తాయి. ఎక్కడి నుంచి వచ్చాయని ఎవరమూ ఆలోచించం. రాని రోజున మాత్రం ఊరంతా ఆలోచిస్తాం!

నాకు మాత్రం ఆ ఆలోచన రోజూ వస్తుంది. నేను పుట్టింది నల్గొండ జిల్లా మర్రిగూడ మండలంలో ఒక చిన్న పల్లె. మెట్టింది మిర్యాలగూడ దగ్గర, నాగార్జున సాగర్ ఎడమ కాలువ కింద. పుట్టింటి నుంచి అత్తింటికి బస్సులో ఒక పూట ప్రయాణం, అంతే. కానీ ఆ నీళ్ళకూ ఈ నీళ్ళకూ భూమికీ ఆకాశానికీ ఉన్నంత తేడా.

మా ఊళ్ళో బోరింగు కొట్టి బిందెలు నింపుకునేవాళ్ళం. చూడటానికి నీళ్ళు తేటగా, అద్దంలా ఉండేవి. ఆ తేట నీళ్ళలోనే ఫ్లోరైడ్ ఉందని చిన్నప్పుడు మాకేం తెలుసు? మా పెద్దమ్మకు నలభై ఏళ్ళకే నడుము వంగిపోయింది. మెడ తిప్పాలంటే మనిషి మొత్తం తిరగాల్సి వచ్చేది. జడ వేసుకోవడానికి చేతులు పైకి లేచేవి కావు, నేనే వేసేదాన్ని. "పోయిన జన్మ పాపం బిడ్డా" అనేది. పాపం కాదు పెద్దమ్మా, నీళ్ళు అని చెప్పేంత తెలివి అప్పటికి నాకు లేదు.

మన దేశంలో ఈ జబ్బును మొదట గుర్తించింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. నల్గొండ నేల కింద ఉన్న రాయిలోనే ఫ్లోరైడ్ ఎక్కువ. ఆ రాళ్ళ సందుల్లో ఏళ్ళ తరబడి నిలిచిన నీళ్ళలోకి అది కరిగి చేరుతుంది. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే తాగకూడదంటారు. దాటిన నీళ్ళు తాగితే ముందు పిల్లల పళ్ళ మీద గోధుమరంగు చారలు వస్తాయి, తరువాత ఎముకలు బిగుసుకుపోతాయి. చెడిన నీటిని పటికతో, సున్నంతో శుభ్రం చేసే ఒక పద్ధతిని నాగపూర్‌లోని నీరీ శాస్త్రవేత్తలు కనిపెట్టారు. దానికి ఏం పేరు పెట్టారో తెలుసా? 'నల్గొండ టెక్నిక్'! గద్వాల అంటే చీర, పోచంపల్లి అంటే చీర గుర్తొస్తాయి. మా జిల్లా పేరు మాత్రం విషపు నీళ్ళను బాగుచేసే పద్ధతికి పెట్టారు.

480 మంది నిలబడ్డ ఎన్నిక

1996లో నేను పదో తరగతిలో ఉన్నాను. ఆ ఏడు నల్గొండ లోక్‌సభ స్థానానికి ఎంతమంది పోటీ చేశారో చెబితే మీరు నమ్మరు. అక్షరాలా 480 మంది! ఎన్నికల సంఘం పోలింగు వాయిదా వేసి, తరువాత జరపాల్సి వచ్చింది. మా నాన్న ఓటేసి వచ్చి, "గుర్తు దేవులాడుకునేసరికి కండ్లు పోయినయ్" అన్నాడు. ఊరంతా నవ్వింది.

అయితే ఆ పోటీ నవ్వులాటకు కాదు. గెలవాలని కూడా కాదు. మా గోడు ఢిల్లీదాకా వినబడాలని. ఆ ఎన్నికలో గెలిచింది బొమ్మగాని ధర్మభిక్షం గారు. కానీ దేశమంతా "నల్గొండలో ఏం జరుగుతోంది?" అని అడిగింది. ఆ ఏడాదే చట్టం మార్చి లోక్‌సభ అభ్యర్థి డిపాజిట్‌ను 500 రూపాయల నుంచి 10,000కు పెంచారు.

ఈ పని వెనక ఉన్నది జల సాధన సమితి. దాన్ని నడిపిన మనిషి దుశ్చర్ల సత్యనారాయణ గారు. వ్యవసాయశాస్త్రం చదివి, బ్యాంకులో ఉద్యోగం చేస్తూ, ఆ ఉద్యోగం వదిలేసి నీళ్ళ కోసం ఊరూరా తిరిగారు. ఫ్లోరోసిస్‌తో కాళ్ళూ చేతులూ వంకర్లు తిరిగిన శివన్నగూడెం అబ్బాయి అంశాల స్వామిని ఢిల్లీ తీసుకెళ్ళి అప్పటి ప్రధాని వాజ్‌పేయి గారి ముందు ఉంచారు. "ఇదిగో, మేము తాగే నీళ్ళు ఇలా చేస్తాయి" అని చూపించడానికి ఇంతకంటే పెద్ద ఉపన్యాసం ఏం కావాలి? ఆ స్వామి 2023 జనవరిలో కన్నుమూశాడు.

తరువాత కృష్ణా నీళ్ళు మా పల్లెలకు వచ్చాయి. సాగర్ నుంచి పంపులతో ఎత్తిపోసి ఇచ్చారు, 2016లో మొదలైన మిషన్ భగీరథతో ఇంటింటికీ నల్లాలు వచ్చాయి. 2020 నాటికి తెలంగాణలో ఫ్లోరైడ్ నీళ్ళు తాగే ఊరు ఒక్కటీ మిగలలేదని కేంద్ర ప్రభుత్వం లెక్క చెప్పింది. సంతోషమే! మా పెద్దమ్మ నడుము మాత్రం మళ్ళీ నిలబడలేదు. వంగిన ఎముక మందులతో తిరిగి సాగదు.

సొంత పొలం అడవికిచ్చిన మనిషి

సత్యనారాయణ గారి గురించి నాకు ఇంతవరకే తెలుసు. రెండో సంగతి చాలా ఏళ్ళ తరువాత తెలిసింది. ఆయన సొంతూరు రాఘవాపురం. 2016లో ఏర్పడిన సూర్యాపేట జిల్లాలో, మోతె మండలంలో ఉంది. అక్కడ తాతముత్తాతల నుంచి వచ్చిన దాదాపు 70 ఎకరాల భూమిని ఆయన దున్నలేదు, అమ్మలేదు, కౌలుకియ్యలేదు. అడవిగా పెంచారు! ఒకటి రెండేళ్ళు కాదు, చిన్నతనం నుంచి, దాదాపు జీవితమంతా.

అక్కడ చెట్టు కొట్టకూడదు. విరిగిన కొమ్మ కూడా ఇంటికి తెచ్చుకోకూడదు. కాయా పండూ కోసి అమ్మకూడదు. అవి పిట్టలవి, కోతులవి. లోపల వాన నీళ్ళు నిలవడానికి కుంటలున్నాయి. నెమళ్ళు, కుందేళ్ళు, లెక్కలేనన్ని పిట్టలు అక్కడ బతుకుతున్నాయి. ఈ అడవి తన పిల్లలకు కూడా ఆస్తి కాదని, అందులో ఉండే జీవాలదేనని ఆయన మాట.

ఒక ఆడదానిగా, ఇల్లు నడిపేదానిగా నిజం చెప్పనా? మొదటిసారి విన్నప్పుడు నాకు గుండె జల్లుమంది. 70 ఎకరాలు! ఎకరం అమ్మితే ఆడపిల్ల పెళ్ళి అవుతుంది, పిల్లవాడి చదువు అవుతుంది. "ఇదేం పిచ్చి?" అనుకున్నాను. మీరూ అనుకునే ఉంటారు. నా మనసు మారడానికి మా పెద్దమ్మాయి కారణం.

మా అమ్మాయి చెప్పిన అమెరికా కథ

మా పెద్దమ్మాయి డిగ్రీ చదువుతోంది. ఒకరోజు నేను చిక్కుడుకాయలు ఈనెలు తీస్తుంటే పక్కన కూర్చుని జాన్ మ్యూర్ అనే ఆయన గురించి చెప్పింది. అమెరికాలో అడవుల్ని కాపాడాలని మొట్టమొదట గొంతెత్తిన పెద్దమనుషుల్లో ఆయన ఒకరట. నేను ఇంటర్‌తో చదువు ఆపేసినదాన్ని, నాకర్థమైన తీరులో మీకు చెబుతాను.

1838లో స్కాట్లండ్‌లో పుట్టాడు. 1849లో కుటుంబంతో అమెరికా వచ్చి పొలం పనుల్లో పెరిగాడు. 1867లో కార్ఖానాలో పని చేస్తుంటే ఆకురాయి జారి కంట్లో గుచ్చుకుంది. కొన్ని వారాలు చీకటి గదిలోనే ఉన్నాడు. చూపు తిరిగి రాగానే, ఇక ఈ కళ్ళతో చూడవలసింది చూడాలని బయలుదేరి దాదాపు వెయ్యి మైళ్ళు నడిచాడు! మరుసటి ఏడు కాలిఫోర్నియాలో యోసెమిటీ లోయ చేరాడు. గొర్రెలు కాస్తూ కొండలు తిరిగాడు. మందలు మేసి మేసి పచ్చిక ఎలా గుండు చేస్తాయో కళ్ళారా చూశాడు.

తరువాత ఆయన చేసిందేమిటంటే, పత్రికలకు వ్యాసాలు రాశాడు. జనం చదివారు, ప్రభుత్వం కదిలింది. 1890లో యోసెమిటీ జాతీయ పార్కు అయింది. 1892లో సియెర్రా క్లబ్ అనే సంఘం పెట్టి చనిపోయేదాకా దానికి అధ్యక్షుడిగా ఉన్నాడు. 1903లో అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్టే ఆయనతో కలిసి మూడు రాత్రులు అడవిలో ఆరుబయట పడుకున్నాడంటే ఆయన మాట విలువ మీరే ఊహించుకోండి.

ఈ కథలో నాకు బాగా నచ్చిన మనిషి ఇంకొకరు ఉన్నారు. ఆయన భార్య లూయీ. 1880లో పెళ్ళయింది. ఇద్దరు ఆడపిల్లలు. పండ్ల తోట పనిలో పడి ఆయన అడవికి, రాతకు దూరమవుతుంటే, తోట కోసం నీ అసలు పని ఆపవద్దని ఆమే పంపించింది. తోటలో కొంత భాగం అమ్మడానికీ, కౌలుకివ్వడానికీ వెనకాడలేదు. ఏ మహానుభావుడి కథ తీసినా వెనక ఒక వంటిల్లు ఉంటుంది చూశారా!

అందరూ దేవుళ్ళు కారు, అది కూడా చెప్పుకోవాలి. ఆ అడవుల్లో తరతరాలుగా ఉన్న గిరిజనుల గురించి, నల్లవారి గురించి మ్యూర్ చిన్నచూపుతో కొన్ని మాటలు రాశాడు. 2020లో ఆయన పెట్టిన సంఘమే ఆ సంగతి బయటికి చెప్పి తప్పు ఒప్పుకుంది. అడవిని ప్రేమించడం వేరు, అడవిలో బతికే మనిషిని ప్రేమించడం వేరు. రెండూ ఉంటేనే నిండుదనం.

ఎవరి పక్షం?

మ్యూర్ జీవితంలో ఆఖరి పోరాటం ఒక డ్యాం గురించి. యోసెమిటీ పార్కులోనే హెచ్ హెచీ అనే అందమైన లోయ ఉంది. 1906లో శాన్‌ఫ్రాన్సిస్కో నగరం భూకంపంతో, మంటలతో నాశనమైంది. నగరానికి నీళ్ళు కావాలి, ఆ లోయలో డ్యాం కడతామన్నారు. కట్టవద్దని మ్యూర్ ఏళ్ళ తరబడి కొట్లాడాడు. 1913 డిసెంబరులో డ్యాంకు అనుమతిస్తూ చట్టమైంది. ఏడాది తిరిగిన కొద్ది రోజులకే, 1914 డిసెంబరు 24న ఆయన పోయాడు. లోయ నీళ్ళలో మునిగింది. నగరానికి నీళ్ళు అందాయి.

కథ అయిపోగానే మా అమ్మాయి, "అమ్మా, నువ్వైతే ఎవరి పక్షం? లోయ పక్షమా, డ్యాం పక్షమా?" అంది.

చిక్కుడుకాయ చేతిలోనే ఆగిపోయింది. మా సాగర్ సంగతి నాకు తెలియనిది కాదుగా. 1955 డిసెంబరు 10న నెహ్రూ గారు పునాదిరాయి వేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ గారు కాలువలకు నీళ్ళు వదిలారు. దాని కింద నాగార్జునకొండ లోయ, ఇక్ష్వాకుల నాటి బౌద్ధ విహారాలు, ఊళ్ళు మునిగాయి. తవ్వి తీసిన శిల్పాలను కొండ మీది మ్యూజియంలో పెట్టారు. పడవ ఎక్కి చూసొస్తాం, ఫొటోలు దిగుతాం. మునిగిన ఊళ్ళలోనూ పొయ్యిలు, తులసికోటలు ఉండి ఉంటాయని మనకు తోచదు.

అయినా నేను అబద్ధం చెప్పలేకపోయాను. "నేను బిందె మోసినదాన్ని తల్లీ. పెద్దమ్మకు జడ వేసినదాన్ని. నాకు నీళ్ళే కావాలి" అన్నాను. "మరి అడవి?" అంది. అప్పుడు గుర్తొచ్చారు రాఘవాపురం సత్యనారాయణ గారు. మ్యూర్ డ్యాం వద్దన్నాడు. ఈయన డ్యాం నీళ్ళు మా పల్లెకు ఇవ్వండని కొట్లాడాడు. మళ్ళీ తన పొలంలో అడవిని పెంచాడు. రెండు పనులూ ఒకే మనిషి చేశాడంటే అవి రెండు పనులు కావు, ఒకటే పని అని అప్పుడు నాకు తట్టింది.

ఎలాగంటారా? సాగర్ కట్టిన కొత్తలో జలాశయంలో 408 టీఎంసీల నీళ్ళు పట్టేవి. ఇప్పుడు పట్టేది 312 మాత్రమే. మిగతా జాగా ఏమైంది? పూడిక! చెట్టూ చేమా లేని నేల మీద వాన పడితే మట్టి కొట్టుకొచ్చి వాగులోకి, వాగు నుంచి నదికి, నది నుంచి డ్యాంలోకి చేరుతుంది. అడుగున మట్టి పేరుకున్న బిందెలో నీళ్ళెన్ని పడతాయో మనకు ఒకరు చెప్పాలా? అదే చెట్లున్న చోటైతే వాన చినుకు ముందు ఆకు మీద పడి, మెల్లగా జారి నేలలో ఇంకుతుంది. కుంట నిండుతుంది, బావి ఊరుతుంది. పైనీళ్ళు ఉంటే పాతాళానికి బోరు వేసి ఫ్లోరైడ్ నీళ్ళు తోడుకునే అగత్యం తగ్గుతుంది. ఒక్క 70 ఎకరాలతో సాగర్ పూడిక ఆగదు. కానీ ఏం చెయ్యాలో ఆ 70 ఎకరాలు చూపిస్తున్నాయి.

జానమ్మగారి చెయ్యి

"ఆయనకు 70 ఎకరాలుంది, మాకేముంది?" అంటారా? అయితే ఖమ్మం దగ్గర రెడ్డిపల్లి దరిపల్లి రామయ్య గారి సంగతి వినండి. ఎకరాలు లేవు. ఒక సైకిలు, జేబునిండా విత్తనాలు, మెడలో చెట్లను కాపాడమని రాసిన బోర్డు. రోడ్డు పక్కన, కాలువ గట్టున ఎక్కడ ఖాళీ కనిపిస్తే అక్కడ గింజ వేసేవారు. కోటి మొక్కలు నాటిన మనిషిగా పేరు పొందారు. జనం 'వనజీవి' అన్నారు. 2017లో పద్మశ్రీ ఇచ్చారు. 2025 ఏప్రిల్ 12న వెళ్ళిపోయారు. ఆయన పక్కన జీవితమంతా నడిచింది భార్య జానమ్మ గారు. అమెరికాలో లూయీ అయినా, రెడ్డిపల్లిలో జానమ్మ అయినా, ఆ ఇల్లాలు "ఇదేం పిచ్చి?" అని అడ్డుపడి ఉంటే ఆ చెట్లు ఉండేవా?

మనం చేయగలిగినవి

మన చేతిలో ఉన్న పనులు కొన్ని చెబుతాను. పెద్ద ఖర్చేమీ లేదు.

మీది ఫ్లోరైడ్ ప్రాంతమైతే బోరు నీళ్ళు తాగడానికి, వంటకు వాడేముందు పరీక్ష చేయించండి. నీళ్ళు కాచితే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదు. నీళ్ళు ఇగిరినకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. అన్నం, పప్పు ఆ నీళ్ళతో ఉడికిస్తే అదీ కడుపులోకే. పాలపళ్ళు ఊడి కొత్త పళ్ళు వచ్చే వయసులోపు పిల్లల విషయంలో మరీ జాగ్రత్త.

పాలు, పెరుగు, ఆకుకూరలు, ఉసిరి తరచుగా పెట్టండి. డికాక్షను టీ, నల్ల ఉప్పు తగ్గించండి, వాటిలో ఫ్లోరైడ్ ఉంటుంది. ఇంకో ముచ్చట. హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 2002లో ప్రచురించిన అధ్యయనంలో, చింతపండు తిన్న పిల్లలకు మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోయిందని తేలింది. ఇది మందు కాదు, మంచి నీళ్ళకు బదులూ కాదు. కానీ మన చారు, పులుసు ఊరికే పుట్టలేదనిపిస్తుంది కదూ.

వేపపండ్లు రాలే రోజుల్లో గింజలు ఏరి, కడిగి, నీడలో ఆరబెట్టి వెంటనే నాటండి. వేపగింజ ఎక్కువ రోజులు నిలవ ఉండదు. చింతగింజలు రాత్రి నానబెట్టి పొద్దున నాటితే బాగా మొలుస్తాయి. ఖాళీ పాల ప్యాకెట్లకు అడుగున చిల్లులు పెట్టి మట్టి నింపితే అదే నర్సరీ. తొలకరి పడ్డాక గట్టు మీదో, బడి ఆవరణలోనో నాటించండి. మొదటి రెండు ఎండాకాలాలు నీళ్ళు పోస్తే తరువాత దాని బతుకు అది బతుకుతుంది. బియ్యం కడిగిన నీళ్ళు పారబోయకుండా దానికే పోయండి.

మా గట్టు మీది చింతచెట్టు

చివరిగా మా ఇంటి సంగతి. మా పొలం గట్టున ఒక పెద్ద చింతచెట్టు ఉంది. కాలువ కింద వరి కదా, చెట్టు నీడ పడ్డ మడిలో పంట సరిగా రాదు. పోయిన ఎండాకాలం మా ఆయన, "నీడకు రెండు మడులు పోతున్నయ్. కొట్టిద్దాం, కట్టెలకన్నా వస్తయ్" అన్నారు. మా మరిది సరేనన్నాడు. బేరం కూడా అయింది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పిల్ల చదువు ఫీజులు తెలిసినదాన్ని, రెండు మడుల వడ్లంటే మాటలు కాదు. పొద్దున్నే అన్నం దగ్గర మెల్లగా అన్నాను: "మా ఊళ్ళో చెట్లు కొట్టి, కుంటలు పూడ్చి, బోర్లు వేసినంక ఏమైందో మీరు మా పెద్దమ్మను చూసిండ్రు కదా." ఆయన మాట్లాడలేదు. మా అత్తమ్మ మాత్రం పీట మీద నుంచే, "నేను ఈ ఇంటికి కోడలై వచ్చిన కాడ్నుంచి చింతపండు కొన్నది లేదు. రేపు నీ పెండ్లాం కొనాలె, ఆ లెక్క కూడా కట్టు బిడ్డా" అంది.

బేరం ఆగింది. ఎప్పటికీ ఆగిందని చెప్పను. వచ్చే ఎండాకాలం మళ్ళీ ఆ మాట రావచ్చు. అప్పుడు మళ్ళీ చెబుతాను. ఈసారి మా అమ్మాయి కూడా నా పక్కన ఉంటుంది.

మీ గట్టు మీద, మీ వాకిట్లో కూడా అలాంటి చెట్టు ఒకటి ఉండే ఉంటుంది. ఎవరో ఒకరు దాన్ని కొట్టేద్దామంటూనే ఉంటారు. ఆ రోజు అన్నం వడ్డిస్తూ ఒక్క మాట మీరూ అనండి. రేపు నల్లా తిప్పినప్పుడు వచ్చే ప్రతి బిందెలో ఆ మాట కూడా కొంత ఉంటుంది.